మట్‌ని నేరుగా ఐమ్యాప్‌కి కలపాలా, మెయిల్ అంతా డిస్క్‌లోకి దించుకోవాలా?

నల్లతెర:
బ్రౌజర్‌లో మెయిల్ చూడ్డం మానేసి టెర్మినల్‌లో (అక్షరాలతోనే నడిచే కమాండ్ విండోలో) మెయిల్ చదివే మట్ ప్రోగ్రాంకి కొత్త రూపమైన నియోమట్‌కి మారదామని కూర్చున్నా, రెండ్రోజులైంది, ఒక్కటీ తేలట్లేదు. కొంతమందేమో సర్వర్ వివరాలు నాలుగు లైన్లు రాసి నేరుగా ఐమ్యాప్‌కి, అంటే మెయిల్‌ని సర్వర్‌లోనే ఉంచి చదివే పద్ధతికి, కలిపెయ్ చాలంటారు, ఇంకొంతమంది ఎంబీసింక్ అనే ప్రోగ్రాంతో మెయిల్ అంతా లోకల్ మెయిల్‌డిర్‌లోకి (మన డిస్క్‌లో మెయిల్ ఫైళ్లు దాచే ఫోల్డర్‌లోకి) తెచ్చుకో, పంపడానికి ఎంఎస్ఎంటీపీ, వెతకడానికి నాట్‌మచ్ పెట్టుకో అంటారు. నా ఇన్‌బాక్స్‌లోనే 40 వేల మెయిల్స్ ఉన్నాయి, ఓపెన్ చేసిన ప్రతిసారీ హెడర్లు (పంపినవాళ్ల పేరు, సబ్జెక్ట్, తేదీ లాంటివి) లాగుతూ కూర్చుంటోంది. జీమెయిల్ అకౌంట్ అయితే పాస్‌వర్డే తీసుకోవట్లేదు. మీరెలా వాడుతున్నారు, ఎందుకలా?

పాతకీబోర్డు:
ముందు పాస్‌వర్డ్ సంగతి. మామూలు పాస్‌వర్డ్‌తో ఇలాంటి క్లయింట్లని రానివ్వడం జీమెయిల్ 2022 మే చివర్లోనే ఆపేసింది. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి, 16 అక్షరాలు వస్తాయి, అది పెట్టండి. ఐమ్యాప్‌కి పోర్ట్ 993, పంపడానికి 465 లేదా 587.

ఇక అసలు ప్రశ్నకి నా జవాబు: నేరుగానే. మీ 40 వేల మెయిల్స్ కష్టానికి కారణం ఐమ్యాప్ కాదు, హెడర్ క్యాష్ పెట్టకపోవడం, అంటే ఒకసారి తెచ్చిన హెడర్లని డిస్క్‌లో దాచుకోకపోవడం. కాన్ఫిగ్‌లో హెడర్ క్యాష్‌కి ఒక ఫోల్డర్ చూపించండి, మెసేజ్ క్యాష్‌కి ఇంకోటి. మొదటిసారి ఎలాగూ టైం పడుతుంది, ఆ తర్వాత కొత్తగా వచ్చినవాటి హెడర్లే తెస్తుంది. నేను చాలా ఏళ్లుగా ఇలాగే వాడుతున్నా, ఒకే ప్రోగ్రాం, ఒకే ఫైలు, ఏదన్నా తేడా వస్తే ఎక్కడ చూడాలో తెలుసు. మీరు చెప్పిన రెండో పద్ధతిలో నాలుగు ప్రోగ్రాంలు, నాలుగు కాన్ఫిగ్ ఫైళ్లు, మెయిల్ రాకపోతే తప్పు ఎందులో ఉందో వెతకడానికే ఒక సాయంత్రం పోతుంది.

దారపుఉండ:
పాతకీబోర్డు గారూ, క్యాష్ విషయం ఒప్పుకుంటా, కానీ వెతకడం మాటేమిటండి? మెయిల్ లోపలి మాటల కోసం వెతికితే మట్ ఒక్కో మెయిల్‌నీ పూర్తిగా దించుకుని చూస్తుంది, 40 వేల మెయిల్స్‌కి అలా వెతకడం అయ్యే పని కాదు. నాట్‌మచ్ అయితే ముందే ఇండెక్స్ కట్టి ఉంచుతుంది కాబట్టి ఎంటర్ కొట్టేసరికి జవాబు ఉంటుంది. పైగా నెట్ లేనప్పుడు కూడా నా మెయిల్ నా దగ్గరే ఉంటుంది. ఒక్కో మెయిల్ ఒక్కో మామూలు టెక్స్ట్ ఫైలు, గ్రెప్ కమాండ్‌తో వెతుక్కోవచ్చు, బ్యాకప్ తీసుకోవచ్చు. మెయిల్ నాది అన్నప్పుడు ఆ ఫైళ్లు నా డిస్క్‌లో ఉండాలి, నాకు ఇది ముఖ్యం.

పాతకీబోర్డు:
మట్‌లో వెతికేటప్పుడు టిల్డా బి (~b) కొడితే అలా మొత్తం దించుతుంది నిజమే. టిల్డా బదులు ఈక్వల్ గుర్తు పెట్టి బి కొట్టండి, అప్పుడు వెతికే పని సర్వరే చేసి నంబర్లు మాత్రం పంపిస్తుంది. మాన్యువల్‌లో ఉంది, ఎందుకో ఎవరూ చూడరు. నెట్ లేనప్పుడు ఇబ్బందే, అది కాదనను.

చిన్నచుక్క:
లోకల్‌గా దించుకునేవాళ్లు ఒక్క లైను జాగ్రత్తగా చదవండి, నేను దాని వల్ల మూడేళ్ల మెయిల్ పోగొట్టుకున్నా. ఎవరిదో కాన్ఫిగ్ కాపీ చేసుకున్నా, అందులో ఎక్స్‌పంజ్ బోత్ (డిలీట్ చేసినవాటిని రెండు వైపులా పూర్తిగా తీసెయ్) అని ఉంది, పట్టించుకోలేదు. ఒకరోజు ల్యాప్‌టాప్‌లో చోటు చాలక పాత మెయిల్స్ అన్నీ ఒక ప్యాటర్న్‌తో డిలీట్ కొట్టి, మట్‌లో మార్పులు ఖాయం చేసే డాలర్ నొక్కా, నా డిస్క్‌లో కాపీలే కదా పోయేది, సర్వర్‌లో ఉంటాయిగా అనుకున్నా. కాసేపటికి ఎంబీసింక్ నడిచింది, అది చేయాల్సిన పని అది సరిగ్గానే చేసింది, ఇక్కడ లేనివి అక్కడ కూడా తీసేసింది. ఆ సర్వర్‌కి వేరే బ్యాకప్ లేదు. ఇది బ్యాకప్ కాదు, రెండు వైపులా ఒకేలా ఉంచే పని, ఆ తేడా నాకు ముందే ఎవరైనా చెప్పుంటే బావుండేది. మొదటి నెల ఎక్స్‌పంజ్ నన్ (ఏ వైపూ పూర్తిగా తీసెయ్యకు) అని ఉంచండి, డిఫాల్ట్ కూడా అదే.

దారపుఉండ:
చదువుతుంటేనే బాధగా ఉంది. మీరన్నది కరెక్ట్, నేను మెయిల్‌డిర్‌ని రోజూ వేరే డిస్క్‌కి విడిగా కాపీ తీస్తా. నాట్‌మచ్ వాడేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి, మీరు పెట్టుకున్న ట్యాగ్‌లు మెయిల్ ఫైళ్లలో ఉండవు, దాని డేటాబేస్‌లో ఉంటాయి, కాబట్టి ఆ ట్యాగ్‌లని ఫైలుగా రాసిచ్చే నాట్‌మచ్ డంప్ కూడా తీసి దాచుకోవాలి.

గంటకొట్టు:
నాది వేరే అనుభవం. పాస్‌వర్డ్ కాన్ఫిగ్‌లో అలాగే రాయకూడదని జీపీజీ అనే ప్రోగ్రాంతో ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం వేసి) పెట్టి, ఎంబీసింక్‌ని లైనక్స్‌లోని సిస్టమ్‌డీ టైమర్‌తో ఐదు నిమిషాలకోసారి నడిపించా. పొద్దున బాగా వచ్చేవి, తర్వాత మెయిల్ ఆగిపోయేది, ఎవరూ ఏమీ పంపలేదేమో అనుకునేవాణ్ణి. వారం తర్వాత లాగ్ చూస్తే వరసగా ఫెయిల్. సంగతేంటంటే జీపీజీ ఏజెంట్ ఆ తాళం తీయడానికి మనం కొట్టిన పాస్‌ఫ్రేజ్‌ని పది నిమిషాలు గుర్తుపెట్టుకుంటుంది, వాడిన ప్రతిసారీ ఆ పది నిమిషాలు మళ్లీ మొదలవుతాయి, కానీ ఎంత వాడినా 7200 సెకన్లు దాటితే మర్చిపోతుంది, అంటే సరిగ్గా రెండు గంటలు. ఆ గడువు చెప్పే మ్యాక్స్ క్యాష్ టీటీఎల్ అన్న సెట్టింగ్ పెంచితే సరిపోయింది. అందుకే పాతకీబోర్డు గారి మాటలో నిజముంది, నేరుగా కలిపితే ఫెయిల్ అయినప్పుడు కళ్లెదుటే తెలుస్తుంది, ఇక్కడ చప్పుడు లేకుండా పోయింది.

అయినా నేను లోకల్‌లోనే ఉన్నా, నాకు రైల్లో మెయిల్స్ చదివి జవాబులు రాసి పెట్టుకోవడం అలవాటు.

చిన్నచుక్క:
ఏ దారైనా తెలుగు మెయిల్స్ వచ్చేవాళ్లు టెర్మినల్ ముందు చూసుకోండి. చాలా టెర్మినళ్లు ఒక్కో అక్షరాన్ని ఒక్కో గడిలో పెడతాయి, ఒత్తులూ గుణింతాలూ విడిపోయి పేరు కూడా చదవలేం. అది మట్ తప్పు కాదు, కాన్ఫిగ్‌లో వెతికి టైం వేస్ట్ చేసుకోకండి. హెచ్‌టీఎంఎల్ మెయిల్స్‌కి మెయిల్‌క్యాప్‌లో (ఏ రకం ఫైలుని ఏ ప్రోగ్రాంతో చూపాలో రాసే ఫైలులో) డబ్ల్యూ3ఎం అనే టెక్స్ట్ బ్రౌజర్ పెట్టి, మట్‌లో ఆటో వ్యూ ఆన్ చేస్తే చాలు.

నల్లతెర:
అందరికీ థ్యాంక్స్. యాప్ పాస్‌వర్డ్‌తో లాగిన్ అయింది. హెడర్ క్యాష్ పెట్టా, మొదటిసారి చాలాసేపు పట్టింది, రెండోసారి టక్కున తెరుచుకుంది. నాకు నెట్ ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి ప్రస్తుతానికి నేరుగానే వాడతా. ఒక్క డౌట్, పంపిన ప్రతి మెయిల్ సెంట్ ఫోల్డర్‌లో రెండుసార్లు కనబడుతోంది, ఎందుకు?

పాతకీబోర్డు:
జీమెయిల్ తనంతట తానే ఒక కాపీ దాస్తుంది, మట్ ఇంకోటి దాస్తోంది. ఆ అకౌంట్‌కి, పంపిన మెయిల్ కాపీ ఎక్కడ దాచాలో చెప్పే రికార్డ్ అన్న సెట్టింగ్ తీసెయ్యండి, వేరే సర్వర్లు అలా దాయకపోతే వాటికి మాత్రం ఉంచండి.