కాలిపోయిన స్టేషన్‌ను మళ్లీ కడితే అది పాత స్టేషనేనా?

ప్రశ్న: అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో కాస్ అనే కలప మిల్లు ఊరుంది. అక్కడి పాత రైల్వే డిపో, అంటే స్టేషన్, 1975లో కాలిపోయింది. అదే పోలికతో కొత్తది కట్టి టూరిస్టు రైళ్లు నడుపుతున్నారు. ఇది చరిత్రను కాపాడటమా, సెట్టింగ్ వేయడమా?

మొదటి జవాబు: సెట్టింగే. పాత చెక్క ఒక్కటీ లేనప్పుడు అది చారిత్రక కట్టడం ఎలా అవుతుంది? కాలిన చోట ఒక బోర్డు పెట్టి వదిలేయాల్సింది.

రెండో జవాబు: డిపో ఒక్కదాన్నే చూస్తే మీరన్నది సబబే. కానీ అది ఒంటరి కట్టడం కాదు కదా! 1901లో వెస్ట్ వర్జీనియా పల్ప్ అండ్ పేపర్ కంపెనీ ఆ ఊరిని కట్టిందే కలప కోసం. చీట్ మౌంటెన్ మీద స్ప్రూస్ చెట్లు కొట్టి, దుంగల్ని షే ఇంజన్లతో కిందికి దింపేవారు. ఆ ఏటవాలు మామూలు ఆవిరి ఇంజన్ల వల్ల అయ్యేది కాదు. షే ఇంజన్‌లో బలం పక్కనున్న షాఫ్టు, గేర్ల ద్వారా అన్ని చక్రాలకూ అందుతుంది. వేగం తక్కువ, పట్టు ఎక్కువ. మిల్లులో కోసిన కలప కాస్ నుంచి చెసపీక్ అండ్ ఒహైయో రైల్వే మీద బయటి ఊళ్లకు వెళ్లేది.

1960లో మిల్లు మూతపడింది. పట్టాలు తుక్కుకింద పోయే దశలో రాష్ట్ర ప్రభుత్వం కొన్నది. 1963 నుంచి ఆ కొండ మీదికి టూరిస్టు రైళ్లు వెళ్తున్నాయి. వాటిని లాగే ఇంజన్లలో ఒకటి 1905 నాటిది! కంపెనీ ఇళ్లు కూడా ఉన్నాయి, వాటిని సందర్శకులకు అద్దెకిస్తారు. ఇన్ని అసలువి మిగిలిన ఊళ్లో రైలు ఎక్కడానికి ఒక స్టేషన్ కావాలి. అది పాత రూపంలోనే ఉండటం నాకు న్యాయంగానే తోస్తోంది.

కోసిన కలపను కాస్ నుంచి బయటికి మోసిన ఆ దిగువ లైను సంగతి చూడండి. 1978లో రైల్వే దాన్ని వదిలేసింది, తర్వాత పట్టాలు తీసేశారు. కాస్ నుంచి దక్షిణంగా సుమారు 125 కిలోమీటర్లు ఇప్పుడు నడక, సైకిల్ బాట. ఆ దారిలో పాత స్టేషన్ ఎంత చెక్కుచెదరకుండా ఉన్నా, దాని ముందు రైలు ఆగదు. నా లెక్కలో అదే పెద్ద నష్టం.

మీ మాటలో ఒకటి మాత్రం తీసుకుంటాను. ఇది కాలిపోయాక కట్టినదని స్టేషన్ గుమ్మం దగ్గరే పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. టికెట్ కొనే పిల్లాడికి కూడా తెలియాలి.

ఇదే వాదనతో మిల్లును కూడా మళ్లీ కట్టమంటే నేను ఒప్పుకోను. అదీ మంటల్లోనే పోయింది. కోయడానికి దుంగలే రాని మిల్లు కడితే, అప్పుడది నిజంగా సెట్టింగే. దాని శిథిలాలను అలాగే ఉంచాలి.