ప్లాస్టర్‌లోనే ఆపేసి సోలో షో పెట్టొచ్చా, ఫైబర్‌లోకో కంచులోకో మార్చాకే చూపించాలా?

గచ్చుగూడు:
జనవరిలో బంజారాహిల్స్‌లో నా మొదటి సోలో షో. పదకొండు పనులు, అన్నీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోతలే. గ్యాలరీవాళ్లు పోయిన వారం వచ్చి చూసి, బాగున్నాయి కానీ వీటికి అచ్చులు తీసి ఫైబర్‌గ్లాస్‌లో ఒక్కోటి ఆరు కాపీలు పోయించండి, ప్లాస్టర్ ఎవరూ కొనరు అన్నారు. అప్పటినుంచీ టెన్షన్‌గా ఉంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పని ఏమిటో చెప్తాను. కాచిగూడలో మా అమ్మమ్మ వాళ్లు నలభై ఏళ్లు అద్దెకున్న ఇల్లు కూల్చేస్తున్నారని తెలిసి, యజమానిని బతిమాలి మూడు వారాలు గడువు తీసుకుని ఆ ఇంట్లోని ఖాళీలను పోత పోశాను. దీపం పెట్టే గూడు లోపలి ఖాళీ, గడపలో గడియ దిగే రంధ్రం, రోలు గుంట, వంటింటి కిటికీ చువ్వల మధ్య సందులు, అరిగిపోయిన షాబాదు బండ మెట్టు. మెట్టులో పడ్డ గుంట నా పోతలో ఉబ్బుగా వచ్చింది. దాని మీద అరచెయ్యి పెడితే ఎవరిదో పాదం అడుగు తగిలినట్టు ఉంటుంది. గూడులోని మసి ప్లాస్టర్‌కి అంటుకుని వచ్చేసింది, నేను తుడవలేదు.

వీటిని ప్లాస్టర్‌గానే చూపించాలని నా పట్టుదల. తప్పా?

కంచుకొలిమి:
అమ్మా, ముప్పై ఏళ్లు పిల్లలకి శిల్పం నేర్పినవాణ్ని, కాబట్టి సూటిగానే చెప్తాను. ప్లాస్టర్ మధ్య మజిలీ. మట్టిలో చేస్తాం, ప్లాస్టర్‌లో నిలబెడతాం, కంచులోనో రాతిలోనో పూర్తి చేస్తాం. యూరప్ శిల్పుల్లో ఒక పాత మాట ఉంది, మట్టి ప్రాణం, ప్లాస్టర్ మరణం, పాలరాయి పునర్జన్మ అని. ఊరికే పుట్టిన మాట కాదు అది. జిప్సం నీళ్లలో కరుగుతుంది, లీటరుకి రెండు గ్రాములకి పైనే. మన వానాకాలం మూడు నెలలు చెమ్మ పట్టిన గదిలో పెడితే అంచులు మెత్తబడతాయి, బూజు పడుతుంది, ఎవరి మోచెయ్యో తగిలితే మూల ఎగిరిపోతుంది. నేను పనిచేసిన చోట ఏటా పరీక్షలు అయిపోయాక పిల్లల ప్లాస్టర్ పనులు వెనక గోడ దగ్గర వానలో పడి ఉండేవి, పెట్టుకోవడానికి గది ఉండేది కాదు. అందులో ఎంత మంచి పనులు పోయాయో నాకు తెలుసు. నీవి అలా పోకూడదనే చెప్తున్నాను.

ఫ్రెంచ్ శిల్పి రోదాఁ కూడా 1877లో తన నిలువెత్తు యువకుడి బొమ్మని ప్లాస్టర్‌లోనే ప్రదర్శించాడు కదా అంటారేమో. 1880లో ఫ్రాన్స్ ప్రభుత్వం కొన్నాక దాన్ని కంచులో పోయించింది. చేరాల్సిన చోటు కంచే.

గచ్చుగూడు:
సార్, పెట్టుకునే చోటు లేక పోవడం వేరు, పదార్థం తక్కువది కావడం వేరు. ఆ గోడ వెనక కంచు బొమ్మలే పడేసి ఉంటే ఎవరో తూకానికి అమ్మేసుకునేవాళ్లు, అప్పుడూ పోయేవే.

రోదాఁ మాట మీరే ఎత్తారు కాబట్టి, ఆయనే చేసిన నవలా రచయిత బాల్జాక్ విగ్రహం సంగతీ చూడండి. 1898లో ప్లాస్టర్‌లో చూపించాడు. చేయించిన రచయితల సంఘం వద్దంది. ఆయన దాన్ని ఇంటికి తెచ్చుకుని 1917లో చనిపోయేదాకా కంచులో పోయించలేదు. కంచు విగ్రహం పారిస్ వీధిలో నిలబడింది 1939లో. అంటే ఆయన బతికున్నంతకాలం బాల్జాక్‌ని చూసినవాళ్లందరూ చూసింది ప్లాస్టర్‌నే. దాని గురించి జరిగిన గొడవంతా ప్లాస్టర్ బొమ్మ మీదే జరిగింది.

ఇంకో మాట. కంచు చల్లారేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుందని మీరే ఎన్నోసార్లు పిల్లలకి చెప్పి ఉంటారు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వెంట్రుకవాసి ఉబ్బుతుంది, అందుకే బండ మీద గీతకూడా వదలకుండా పట్టుకుంటుంది. నా మెట్టు కంచులోకి వెళ్తే మెట్టు కంటే చిన్నదవుతుంది. ఇంకెక్కడైనా ఆ తేడాని పట్టించుకోను. అమ్మమ్మ నలభై ఏళ్లు తొక్కిన మెట్టుకి మాత్రం పట్టించుకుంటాను.

మోల్డ్‌పని:
అక్కా, నేను ధూల్‌పేటలో ఎనిమిదేళ్లు గణపతుల అచ్చుల పని చేశాను, ఇప్పుడు ఇళ్లల్లో సీలింగ్ పని. ఒకటి అడగాలి. గూడు లోపల పోసింది బయటికి ఎలా తీశారు? గూడు లోపల వెడల్పు, ముందు ఇరుకు ఉంటుంది కదా, ఇరుక్కుపోవాలి.

గచ్చుగూడు:
గోడ పగలగొట్టాం తమ్ముడూ. ఎలాగూ కూలే ఇల్లే. ముందు సబ్బునీళ్లు రాసి, ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక చుట్టూ ఇటుకలు ఒక్కొక్కటే తీసేశాం. ఇద్దరు మేస్త్రీలు, నేను, రెండు రోజులు.

మోల్డ్‌పని:
అయితే మీ ఇల్లే వేస్ట్ మోల్డ్ అక్కా.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మట్టి బొమ్మ మీద ప్లాస్టర్ అచ్చు వేస్తాం, లోపలి మట్టి తీసేసి అందులో మళ్లీ ప్లాస్టర్ పోస్తాం, తర్వాత పై అచ్చుని ఉలితో చెక్కి పారేస్తాం. అచ్చు ఒక్కసారికే, అందుకే వేస్ట్ మోల్డ్. పై అచ్చు మొదటి పూతలో కొంచెం నీలిమందు కలుపుతాం. చెక్కుతుంటే నీలం కనబడగానే చెయ్యి నెమ్మదించాలి, దాని కిందే బొమ్మ. ఆ అచ్చులో ఒకటే బొమ్మ వస్తుంది. మీ గూడు కూడా అంతే, గోడ పోయింది, ఇక ఒక్కటే. దాన్నుంచి ఫైబర్ తీస్తే అది గోడను తాకినది కాదు, మీ ప్లాస్టర్‌ని తాకినది. మసి రాదు. రంగు వేసి మసి చేస్తారు.

ఇంకొకటి, లోపల బలానికి ఏం పెట్టారు? ఇనుప చువ్వ పెడితే చెమ్మకి తుప్పుపట్టి రెండు మూడు నెలల్లో గోధుమ మరకలు బయటికి వస్తాయి. మేము పెద్దవాటికి కొబ్బరి పీచు, గోనెగుడ్డ వాడతాం.

గచ్చుగూడు:
తొమ్మిదింటికి జనపనారే పెట్టాను. కిటికీకి, పెద్ద గూడుకి మాత్రం తొందరలో ఇనుప కడ్డీ పెట్టాను. ఇల్లే వేస్ట్ మోల్డ్ అన్నావే, ఆరు నెలలుగా వెతుకుతున్న మాట అది.

చెరువుగట్టు:
నాది వేరే అభ్యంతరం. ఇదే పదార్థం ధూల్‌పేటలో గణపతి అయితే కాలుష్యం, బంజారాహిల్స్‌లో తెల్ల గోడ ముందు పెడితే కళ. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) విగ్రహాలు వద్దని మార్గదర్శకాలు ఇచ్చింది, 2021లో హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో పీఓపీ నిమజ్జనం ఆపమంది, 2022లో ఖైరతాబాద్ గణపతి మట్టికి మారాడు. ఇంత జరిగాక కొత్తగా వచ్చే ఆర్టిస్టు పదకొండు పనులు పీఓపీలో ఎందుకు చేయాలి? ఇది నిజంగా అడుగుతున్నాను, ఎత్తిపొడవడం లేదు.

గచ్చుగూడు:
న్యాయమైన ప్రశ్న. గొడవ అంతా అది నీళ్లలో కలవడం గురించి, పైన వేసే రంగుల గురించి. నా పనులు నీళ్లలోకి వెళ్లవు, రంగు లేదు. అయితే మీ మాటలో నన్ను గుచ్చింది మొదటి భాగం. ఒకే చేతిపనికి రెండు చోట్ల రెండు మర్యాదలు. దానికి నా దగ్గర జవాబు లేదు. షోలో నా పేరు పక్కన మేస్త్రీల పేర్లు పెట్టాలని మాత్రం ఇది చదివాకే అనిపించింది.

బకెట్లు కడిగిన నీళ్లు మోరీలో పోయను. డ్రమ్ములో నిలబెడితే ప్లాస్టర్ అడుగుకి దిగి గడ్డకడుతుంది, దాన్ని తీసి చెత్తకి ఇస్తాను. చిన్న మోతాదేనని కొట్టిపారేయను.

మోల్డ్‌పని:
చెరువుగట్టు అన్నా, మట్టికి మారమనడం సులువు. మట్టి బొమ్మ బరువు, ఎండడానికి రోజులు, దారిలో పగులు. అచ్చులో పీఓపీ పోస్తే పావుగంటలో గట్టిపడుతుంది, ఒక సీజన్‌లో వందల బొమ్మలు. ఆ వేగం మీదే ఇళ్లు గడిచాయి. మట్టి మంచిదని మాకూ తెలుసు.

కొత్తబ్యాచ్:
నేను మాసాబ్‌ట్యాంక్‌లో శిల్పం చదువుతున్నా. అక్కా, మీరు బాధపడకపోతే ఒకటి. 1990లో రేచెల్ వైట్‌రీడ్ అనే శిల్పి లండన్‌లో ఒక పాత ఇంటి గది మొత్తాన్ని ఇలాగే ప్లాస్టర్‌లో పోత పోసింది. మీ షో చూసి ముందుగా అందరూ అదే అంటారు. పదార్థం కంటే ఇది పెద్ద సమస్య కాదా?

గచ్చుగూడు:
అంటారు. ఆ పనిని ఫోటోల్లోనే చూశాను, చూసిన రోజు అన్నం తినలేదు. దాని నుంచే ఖాళీని పోయొచ్చని నేర్చుకున్నాను, ఎవరు అడిగినా అదే చెప్తాను. ఆమెది గది మొత్తం, లోపల ఉక్కు చట్రం, చుట్టూ నడవాలి. నావి చేతిలోనో ఒళ్లోనో పట్టేవి, పెద్ద గూడు ఒక్కటే ఇద్దరు ఎత్తాలి. పద్ధతి అప్పు తెచ్చుకున్నాను, ఇల్లు మాత్రం నాది. దాన్ని మించి నేను వాదించను.

పాతగోడ:
పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉంటాను. నాది చిన్న సవరణ, కానీ ముఖ్యమైనది. షోకి రాసిన పరిచయం మొన్న ఇంకో చోట పెట్టారు మీరు, అందులో "కుతుబ్‌షాహీల కాలం నుంచి హైదరాబాద్‌కి ఉన్న ప్లాస్టర్ సంప్రదాయం" అని ఉంది. దయచేసి మార్చండి. చార్మినార్ మీద, పైగా నవాబుల సమాధుల మీద ఉన్నది సున్నపు గచ్చు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ నెలలు, ఏళ్లు తీసుకుని రాయవుతుంది. మీరు వాడేది కాల్చిన జిప్సం, ముప్పావువంతు నీరు పోగొట్టుకున్నది, మళ్లీ నీళ్లు తగిలితే నిమిషాల్లో జిప్సం అయిపోతుంది. రెండూ తెల్లగా ఉంటాయి, అంతవరకే చుట్టరికం. వానకి నిలబడేది మొదటిది. అదైనా చూసుకోకపోతే ఊడుతుంది, 2019 మేలో చార్మినార్ మినారు నుంచి గచ్చు ముక్క పడింది కదా.

మీ పేరులోనే గచ్చు ఉంది కాబట్టి మీకు చెప్పాలనిపించింది.

గచ్చుగూడు:
తీసేశాను. కాచిగూడ ఇంటి గోడ సున్నం, నా పోత జిప్సం, ఇలాగే రాస్తాను. నిజానికి ఇదే బాగుంది, నిలిచే గోడ పోయింది, నిలవదనేది మిగిలింది.

గోడమీదబొమ్మ:
కొనేవాళ్ల వైపు నుంచి ఒకడు మాట్లాడాలి. నాకు పెద్ద జీతం కాదు, రెండు మూడేళ్లకి ఒక పని కొంటాను. ఆరేళ్ల కిందట ఒక ప్లాస్టర్ తల కొన్నాను. పైన లక్క పాలిష్ కొట్టారు, రెండేళ్లలో పసుపు తిరిగింది. ఇల్లు మారేటప్పుడు చెవి విరిగింది. అమ్మినచోట అడిగితే అది ప్లాస్టర్ అండీ అన్నారు. కొనేటప్పుడు ఆ మాట అనలేదు, "మిక్స్‌డ్ మీడియా" అని రాశారు. నా కోపం దాని మీదే. విరుగుతుందని తెలిసి కొంటే విరగకుండా చూసుకుంటాం. ఇటలీలో కనోవా అనే పాత శిల్పి ప్లాస్టర్ బొమ్మ రెండు వందల ఏళ్లకి పైగా ఉంది, 2020లో ఒక టూరిస్టు ఫోటో కోసం దాని మీద కూర్చుని కాలివేళ్లు విరగ్గొట్టాడు. అంటే చూసుకుంటే అన్నాళ్లు ఉంటుంది, మీద కూర్చుంటే పోతుంది.

ఫైబర్ ఆరు కాపీలు అంటే మాత్రం నేను కొనను. కంచుకి ఎడిషన్, అంటే ఒకే పనికి లెక్కపెట్టి కొన్ని పోతలు తీయడం, అలవాటుంది, ఫ్రాన్స్‌లో పన్నెండు పోతల వరకూ అసలు పని కిందే లెక్క, ఎనిమిదింటికి నంబర్లు, నాలుగు ఆర్టిస్టువి. మీ గూడు అలాంటిది కాదు. ఒక ఇంటికి ఆరు గూళ్ల ఖాళీలు ఎక్కడివి?

కంచుకొలిమి:
కొనుగోలుదారు చెప్పినది ఒప్పుకుంటాను, పదార్థం పేరు దాచడం మోసం. మిగతాదానిలో నా అభిప్రాయం మారలేదు. అమ్మా, ఇంకో ఇరవై ఏళ్లకి నీ పదకొండులో ఎన్ని మిగులుతాయో అన్నదే నా భయం. కనీసం రబ్బరు అచ్చులు తీసి దాచుకో. పోయించకపోయినా ఫర్వాలేదు, అచ్చు ఉండాలి.

పాతగోడ:
రబ్బరు అచ్చు తీస్తే ఆ మసి లేచిపోతుంది సార్. గూడుకి మాత్రం వద్దు. నాలుగు వైపులా ఫోటోలు, కొలతలు తీసి పెట్టుకుంటే చాలు.

గచ్చుగూడు:
రెండు రోజులు ఆలోచించాను. మెట్టుకి, రోలుకి అచ్చులు తీసి దాస్తాను, సార్ మాట మీద. గూళ్లకి తీయను. ఫైబర్ కాపీలు చేయనని గ్యాలరీకి ఈ ఉదయం చెప్పాను, వాళ్లకి నచ్చలేదు, షో మాత్రం ఉంది. లేబుల్ మీద "ప్లాస్టర్ ఆఫ్ పారిస్, జనపనార, మసి" అని ఉంటుంది, కింద ఇద్దరు మేస్త్రీల పేర్లు. కొన్నవాళ్లకి ఎక్కడ పెట్టాలో, దేనితో తుడవకూడదో ఒక కాగితం ఇస్తాను. కిటికీలో ఇప్పటికే చువ్వ దగ్గర గోధుమ మరక మొదలైంది, ఆ పనిని షో నుంచి తీసేస్తున్నాను. అంటే పది.

పెద్ద గూడులో కడ్డీ ఉంది, మరక ఇంకా లేదు. ఏం చేయాలి?

మోల్డ్‌పని:
ముందు అది పూర్తిగా ఎండిందో లేదో చూడండి అక్కా. రోజూ తూకం వేయండి, మూడు రోజులు బరువు మారకపోతే ఎండినట్టు. ఎండిపోతే తుప్పు ఆగుతుంది. ఫ్యాన్ పెట్టండి, హీటర్ వద్దు, ఎక్కువ వేడికి పొడి రాలుతుంది. తీసుకెళ్లేటప్పుడు థర్మాకోల్ నమ్మొద్దు, ట్రాలీ ఆటోలో పాత పరుపు వేసి గూడుని వెనకవైపు మీద పడుకోబెట్టండి, ముందు అంచు దేనికీ ఆనకూడదు. ఉప్పల్ వైపు అయితే ఆదివారం నాకు పని లేదు, ఎత్తడానికి వస్తాను.

కంచుకొలిమి:
తేదీ చెప్పమ్మా, నేనూ వస్తాను. ఆ మెట్టు మీద చెయ్యి పెట్టనిస్తావా?