కస్టమర్ జారిపడిన కేసు: సీసీటీవీ వీడియోకు సర్టిఫికెట్ ఎవరిస్తారు?

కూకట్‌పల్లిలో మాది చిన్న టిఫిన్ సెంటర్. మూడు నెలల క్రితం ఒక ఆదివారం ఉదయం 7:40కి చేతులు కడుక్కునే చోట ఒకాయన జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. అప్పుడే తడిగుడ్డ పెట్టాం, నేల తడిగా ఉందని హెచ్చరించే పసుపు రంగు బోర్డు కూడా నిలబెట్టాం. ఆయన ఫోన్ చూసుకుంటూ బోర్డు పక్కనుంచే అడుగేయడం వీడియోలో కనిపిస్తోంది.

ఆసుపత్రి బిల్లు 18,500 ఇస్తామన్నాం, ఒప్పుకోలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 4 లక్షలకు కేసు వేశారు. కొన్నదానికి చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు కాబట్టి ఊరికే వేసేస్తారని పక్క షాపుల వాళ్లంటున్నారు. నేనలా అనను, ఆయన చెయ్యి నిజంగానే విరిగింది. కానీ తప్పంతా మాదేనంటే మాత్రం ఒప్పుకోలేను.

మా ఇన్సూరెన్స్ అగ్నిప్రమాదాలకే, కస్టమర్ గాయాలకు వర్తించదన్నారు. పసలేని ఫిర్యాదుకు 10 వేల దాకా ఖర్చులు వేసే సెక్షన్ 26 పాత 1986 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉండేది. 2019 చట్టంలో వెతికితే నాకు దొరకలేదు.

నోటీసు అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి, ఆపైన 15 రోజులకు మించి గడువు రాదు. నాకు 19 రోజులు అయిపోయాయి, టెన్షన్‌గా ఉంది. వీడియో పెన్‌డ్రైవ్‌తో పాటు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధృవీకరించే సర్టిఫికెట్ పెట్టాలని లాయర్ గారు చెప్పారు. అందులో పార్ట్ ఎ నేనే నింపాను. పార్ట్ బి మీద నిపుణుడి సంతకం కావాలి. కెమెరాలు బిగించిన అబ్బాయి చేయనన్నాడు, రెండు కంప్యూటర్ షాపుల్లోనూ అదే మాట.

హైదరాబాద్‌లో వినియోగదారుల కేసుకి వీడియో ఇచ్చినవాళ్లు, ఆ పార్ట్ బి మీద ఎలాంటి అర్హత ఉన్నవారితో సంతకం చేయించారు?