శూర్పణఖ మీద జాలి కలిగించాలంటే రాముణ్ణి దుర్మార్గుణ్ణి చేయాలా?

గోదారిగట్టు:
మా నాటక సమాజం కోసం శూర్పణఖ కథను గంట నిడివి గల నాటకంగా రాస్తున్నాను. రామలక్ష్మణులను క్రూరులుగా చూపితే తప్ప ఆమె మీద జాలి పుట్టదని చిత్తుప్రతి విన్న మిత్రులు అంటున్నారు. అలా తిరగేసి రాయడం నాకు ఇష్టం లేదు. మూలాన్ని తలకిందులు చేయకుండా రాక్షసి వైపు నుంచి కథ చెప్పడం సాధ్యమేనా?

పాతప్రతి:
సాధ్యమే, అందుకు కావలసిన సరుకు మూలంలోనే ఉంది. ఉత్తరకాండ ప్రకారం కాలకేయులనే దానవులతో జరిగిన యుద్ధంలో శూర్పణఖ భర్త విద్యుజ్జిహ్వుణ్ణి చంపినవాడు స్వయానా రావణుడే. చెల్లెలు వచ్చి గుండెలు బాదుకుంటే, పోరు మత్తులో తనవాళ్లెవరో పరాయివాళ్లెవరో తెలియలేదని చెప్పి, ఖరుడనే రాక్షసుణ్ణి తోడిచ్చి దండకారణ్యానికి పంపేశాడు. పంచవటిలో రాముణ్ణి చూసి మోహించింది ఆ వితంతువే. అరణ్యకాండ ఈ సంగతి ఎత్తదు సరికదా, సుముఖుడైన రాముడి పక్కన దుర్ముఖి అనీ, విశాలాక్షుడి పక్కన విరూపాక్షి అనీ జంటలు కట్టి మనల్ని నవ్విస్తుంది.

ఆపై తనకు పెళ్లయిందనీ తమ్ముణ్ణి అడగమనీ రాముడంటాడు; తాను దాసుణ్ణనీ, తనను కట్టుకుంటే ఆమె కూడా దాసి కావలసి వస్తుందనీ చెప్పి లక్ష్మణుడు మళ్లీ అన్న దగ్గరికే పంపుతాడు. అది వేళాకోళమని ఆమె గ్రహించలేదని వాల్మీకే రాశాడు. ఒక్క మాట కూడా మార్చకుండా, ప్రేక్షకులకు ఆమె ముఖం మాత్రమే కనిపించేలా ఆ ఘట్టాన్ని నడిపి చూడండి. క్రూరులతో పరిహాసం తగదని ఆ తరువాత రాముడే తమ్ముడితో అంటాడు, కాబట్టి మీరు అదనంగా ఎవరినీ నిందించనక్కరలేదు.

మధ్యాహ్నపు నీడ:
ఆమె సీత మీదికి దూకిన ఘట్టాన్ని మాత్రం దయచేసి ఎగరగొట్టకండి. ఇప్పటి కథల్లో చాలా వాటిలో అది మాయమైపోతోంది, నా దృష్టిలో అది దొంగ జాలి. 1961 నాటి సీతారామ కల్యాణంలో రావణుడు తన పేగులనే తీగలుగా చేసి శివుడి కోసం వీణ వాయిస్తుంటే మనసు కరుగుతుంది, నిజమే. కానీ ఆ సినిమా పెళ్లితోనే ముగుస్తుంది కనుక సీతాపహరణానికి సమాధానం చెప్పుకోవలసిన అవసరం రాలేదు. సుందరకాండలో హనుమంతుడు, బందీగా సభలో నిలబడి ఉండి కూడా, రావణుడి తేజస్సుకు నివ్వెరపోయి, ఇతడిలో అధర్మమే ఇంత బలంగా లేకపోతే ఇంద్రుడితో సహా దేవలోకానికి రక్షకుడయ్యేవాడు కదా అనుకుంటాడు. మెచ్చుకోలూ నేరారోపణా ఒకే ఊపిరిలో వచ్చాయి చూడండి.

కొత్తపాఠకురాలు:
ఓల్గా గారి కథల సంపుటి ‘విముక్త’లో ‘సమాగమం’ కథ చదివారా? అందులో శూర్పణఖ గాయం పాలై ఏళ్లు గడిచాక తోట పెంచుకుంటూ ఉంటుంది, సీత వెళ్లి ఆమెను కలుస్తుంది. పరాభవం కంటే ఆ తరువాతి బతుకు మీద దృష్టి పెట్టడం వల్ల ప్రతినాయకుడి అవసరమే తగ్గింది. మీ నాటకం ముక్కు కోయడంతోనే ఆగిపోతే ఆ వెసులుబాటు ఉండదని నా అనుమానం.

గోదారిగట్టు:
అయితే మొదటి రంగం లంకలో, భర్త శవం దగ్గర పెడతాను. సీత మీద దాడి ఉంటుంది. తోట ఆలోచన ఓల్గా గారిది కాబట్టి దాని జోలికి పోను. చెవులూ ముక్కూ పోయిన స్థితిలో ఆమె ఖరుడి ముందుకు వచ్చి పడటం, భర్తను చంపిన అన్న దగ్గరికే చివరికి న్యాయం కోసం వెళ్లవలసి రావడం, ఈ రెంటితో రెండో సగం నడిపి చూస్తాను.