అలల్లో మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటేటప్పుడు ఇంజన్ తగ్గించాలా, పెంచాలా?

ఆత్మకూరు_శీను (కర్నూలు): మా బావమరిది అంతర్వేది వైపు ఫైబర్ బోటులో పనికి వెళ్లాడు. పోయిన నెల వేట నుంచి తిరిగొస్తూ గోదావరి మొగలో బోటు అడ్డం తిరిగి బోల్తా పడింది. నలుగురూ ప్రాణాలతో బయటపడ్డారు, వలలూ ఇంజనూ పోయాయి. వెనక పెద్ద అల చూసి ఇంజన్ తగ్గించాడంట. తప్పంతా వాడిదే అంటున్నాడు ఓనరు. శ్రీశైలం వెనక నీళ్లలో ఇరవై ఏళ్లుగా పుట్టి (గుండ్రటి పడవ), మరబోటు నడుపుతున్నా. గాలికి అలలు లేస్తే మేం తగ్గిస్తాం. అది తప్పెట్లా అవుతుంది?

పెన్నా_ఒడ్డు (కడప): తప్పే అన్నా. కోస్తాలో ఆరేళ్లు బోట్ల మీద పని చేశాను. మీకు అల ఎదురొస్తుంది, అక్కడ తగ్గించడం సరే. మొగలోకి వచ్చేటప్పుడు అల వెనక నుంచి వస్తుంది. అది అమరాన్ని (బోటు వెనక భాగాన్ని) ఎత్తితే అణియం (ముందు కొస) నీళ్లలో గుచ్చుకుంటుంది, బోటు అడ్డం తిరుగుతుంది. ఔట్‌బోర్డుకు, అంటే బోటు వెనక తగిలించే ఇంజనుకు, వేరే చుక్కాని ఉండదు, ఫ్యాను నీటిని తోస్తేనే మలుపు. ముందు పోయే అల వీపు మీద ఉండి దాని వేగంతోనే రావాలి. దాన్ని దాటి ముందుకు దూకకూడదు, వెనకదానికి దొరకకూడదు.

అనంత_మల్లి: రెండు చోట్లా నీళ్లే కదా, ఇంత వాదన ఎందుకు?

ఆత్మకూరు_శీను: నీళ్లంటే ఏంటో మాకు చెప్పొద్దు. 2007లో మా కృష్ణలో పడవ మునిగి 60 మంది దాకా పోయారు. పడవ లేకుండా నది దాటడానికి సోమశిల–సిద్ధేశ్వరం వంతెన మంజూరైందే 2022లో. ఆషాఢం గాలిలో నేను జనాన్ని దాటించాను, ఒక్కరినీ పోగొట్టలేదు. తగ్గించడమే నన్ను కాపాడింది.

పెన్నా_ఒడ్డు: మీ అనుభవాన్ని కాదనలేదు. డ్యాం నీళ్లకు పోటు (సముద్రం పొంగడం), పాటు (వెనక్కి తీయడం) ఉండవు. మొగలో పాటు వేళ నది నీళ్లు సముద్రంలోకి లాగుతాయి, ఆ లాగుడుకు ఎదురుగా సముద్రం నుంచి అల వస్తుంది, కింద ఇసుక మేట. లోతు లేక అల నిలువుగా లేచి విరుగుతుంది. అమావాస్య, పౌర్ణమికి ఆ లాగుడు మరీ ఎక్కువ. అందుకే పోటు నిండబోయేదాకా బయటే ఆగాలి. పెద్ద అలలు గుంపుగా వస్తాయి. పది నిమిషాలు చూసి, గుంపు పోయాక బయలుదేరాలి. మధ్యలో మనసు మార్చుకుని వెనక్కి తిప్పితే అంతే. మీవాడు ఏ వేళకు వచ్చాడు?

నంద్యాల_టీచర్: లైఫ్ జాకెట్లు వేసుకున్నారా?

ఆత్మకూరు_శీను: నలుగురికీ కలిపి రెండున్నాయంట, వలల కింద. వేళ సంగతి అడుగుతున్నావు కదా తమ్ముడూ, ఓనరు ఫోన్ చేశాడు. సాయంత్రం వేలానికి అందకపోతే రేటు రాదు, వచ్చేయమన్నాడు. ఇప్పుడు ఇంజన్ డబ్బు వీడి వాటాలో కోస్తానంటున్నాడు. నువ్వేమో తప్పే అని రాస్తావు. రేపు ఆ మాటే చూపించి వీణ్ణి నిలదీస్తారు.

పెన్నా_ఒడ్డు: ఈ మాట ముందే చెప్పాల్సింది. నేను రెండుసార్లు బయట ఆగాను. మొదటిసారి తిట్టారు, రెండోసారి వాటా కోశారు. మూడోసారి ఆగలేదు. ఆ రోజు బోటు అంచుకూ జెట్టీ రాయికీ మధ్య మా అన్న చెయ్యి నలిగింది. మూడు వేళ్లు లేవిప్పుడు. ఆగే గంటలకు కూలీ ఎవరిస్తారన్నదే అసలు తగాదా. ఇంజన్ తగ్గించడం తప్పే, ఆ మాట మార్చను. ఆ వేళకు రమ్మనడం అంతకంటే పెద్ద తప్పు.

అనంత_మల్లి: ఓనరుకూ అప్పులుంటాయి.

పెన్నా_ఒడ్డు: ఉంటాయి. మా అన్నకు వేళ్లు లేవు.

ఆత్మకూరు_శీను: ఇప్పుడే వాడితో మాట్లాడాను. అమావాస్య మర్నాడంట, మధ్యాహ్నం రెండు గంటలకు. నీళ్లు బయటికి లాగుతున్నాయని వాడికీ కనిపించిందంట. కాసేపు ఆగుదామంటే ఫోన్ మళ్లీ మోగిందంట.