బొగ్గుతో పులుసేంటి పిన్నీ?

మా అక్క కూతురు ఇక్కడ బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది. పదో తరగతి దాకా హిందూపురంలో తెలుగు మీడియం. పీజీ హాస్టల్ తిండి పడక ఆదివారాలు మా ఇంట్లో వాలుతుంది. మొన్న ఫోన్లో మా నాన్న పలకరించి, ఏం చదువుతున్నావే అని అడిగారు. శ్వాసక్రియ తాతయ్యా అంది. "ఏముంది అందులో, ప్రాణవాయువు పీల్చుకుంటాం, బొగ్గుపులుసు వాయువు వదులుతాం" అన్నారాయన. ఫోన్ పెట్టేశాక పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. "బొగ్గుతో పులుసేంటి పిన్నీ, ములక్కాడలు దొరకలేదా?"

నేనూ నవ్వాను. కానీ ఆ సాయంత్రం తను టెన్షన్ పడుతూ బట్టీ కొడుతున్న వాక్యం వింటే నవ్వు ఆగిపోయింది. "రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పీహెచ్ తగ్గుతుంది." ఎందుకు తగ్గుతుంది అన్నాను. తెలియదు, అలా రాయాలి అంది. కార్బన్ డయాక్సైడ్ అన్న పేరులో ఏముంది? ఒక కార్బన్, రెండు ఆక్సిజన్లు. లెక్క ఉంది గానీ గుణం లేదు. అదే వాయువుకు తాతయ్య చెప్పిన నవ్వులాట పేరులో మాత్రం జవాబు ఉండనే ఉంది: పులుసు.

పులుసు అనగానే మనకు గిన్నె గుర్తొస్తుంది గానీ, "చింతపండు నానబెట్టి పులుసు తియ్యి" అన్నప్పుడు అది వంటకం కాదు, పుల్లటి రసం. పులుపు, పులుసు, పుల్లన, పులియడం అన్నీ ఒకే కుదురు. ఆమ్లం అన్న సంస్కృతం మాటకూ అర్థం పులుపే. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లానిదైతే, ఈ వాయువు నీళ్లలో కరిగినప్పుడు వచ్చేది కార్బోనిక్ ఆమ్లం, అంటే బొగ్గు పులుసు. అది ఒక ఉదజని అయాన్‌ను, అంటే విద్యుదావేశం ఉన్న హైడ్రోజన్‌ను, విడిచిపెట్టి బైకార్బొనేట్‌గా మిగులుతుంది. విడిపోయిన ఆ ఉదజని అయానే పులుపు. పీహెచ్ కొలిచేది దాన్నే, కాకపోతే తలకిందులుగా: పులుపు పెరిగితే అంకె తగ్గుతుంది, ఒక్క అంకె తగ్గితే పులుపు 10 రెట్లు. (1909లో కోపెన్‌హాగన్‌లో సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ కొలత పెట్టినప్పటి నుంచి పిల్లలు ఇక్కడే తడబడుతున్నారు.) మన రక్తం 7.35 నుంచి 7.45 మధ్యే ఉండాలి. కణాలు వదిలే బొగ్గుపులుసు వాయువులో దాదాపు 70 శాతం ఊపిరితిత్తులకు చేరేది బైకార్బొనేట్ రూపంలోనే. ఎర్ర రక్తకణంలో దీనికోసం కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ ఉంది. దాని ఒక్క అణువు సెకనుకు 10 లక్షల దాకా అణువులను మార్చేయగలదు.

మామూలుగా మన ఊపిరి వేగాన్ని నడిపించేది కూడా ముందుగా ఆక్సిజన్ లెక్క కాదు. రక్తంలో పులుసు ఎక్కువైతే మెదడు అడుగుభాగం పసిగడుతుంది. ఊపిరి బిగబట్టినప్పుడు లోపల్నుంచి తన్నుకొచ్చే తహతహ కూడా ఆ పులుసుదే.

నోటిమాటతో ఒప్పుకునే పిల్ల కాదు కాబట్టి వంటింట్లో చూపించాను. గ్లాసుడు నీళ్లలో చిటికెడు పసుపు, గోరంచుతో కాస్త తాంబూలం సున్నం. హారతికి కలిపే ఎర్రనీళ్లే. అందులో ఎళనీరు (కొబ్బరి బోండాం) బండి దగ్గర తెచ్చిన స్ట్రా పెట్టి ఊదమన్నాను. (ఊదడమే, పీల్చకూడదు. సున్నం నోరు పొక్కిస్తుంది.) బుడగలు, బుడగలు, బుగ్గలు నొప్పి. రెండు మూడు నిమిషాలకు ఎరుపు ఇటుకరంగుకు దిగింది, తర్వాత నారింజ, చివరికి పసుపు. పిల్ల స్ట్రా తీసి గ్లాసు దీపం దగ్గర పెట్టి చూసింది. "నా ఊపిరికే?" అంది. సున్నం క్షారం, అంటే ఆమ్లానికి విరుగుడు. అందులో పసుపు ఎర్రబడుతుంది. ఊపిరిలోని పులుసు ఆ క్షారాన్ని చంపేస్తే పసుపు తన రంగుకు తాను వచ్చేస్తుంది. నిమ్మకాయ పిండినా ఇదే జరుగుతుంది, కాకపోతే క్షణంలో.

అందుకే అడుగుతున్నాను. ఇంత చక్కగా పని చెప్పే మాటను మనం ఎందుకు వదిలేసుకున్నాం? మరోపక్క ఆక్సిజన్‌కు ఆమ్లజని అనే తప్పుడు పేరును మాత్రం నిఘంటువుల్లో పదిలంగా పెట్టుకున్నాం.

ఈ రాత కింద వచ్చిన వ్యాఖ్యలు, వాటికి నా జవాబు:

మారతహళ్లి నుంచి ఒక తండ్రి:
మా అబ్బాయి పరీక్షలో బొగ్గుపులుసు అని రాస్తే దిద్దేవారు పక్కన అన్నం బొమ్మ వేసి సున్నా పెడతారండీ.

జయనగర్‌లో ఉంటున్న రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు:
అమ్మా, మీ ఎర్రనీళ్ల ప్రయోగానికి నూటికి నూరు. కానీ ఆమ్లజనిని తిట్టి బొగ్గుపులుసును నెత్తిన పెట్టుకోవడం న్యాయం కాదు. రెండూ ఒక తల్లి పిల్లలే. పులుపుకు మూలం ఆక్సిజనే అని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోసియే నమ్మి, గ్రీకులో పులుపు పుట్టించేది అనే అర్థంలో దానికి ఆ పేరు పెట్టాడు. దానికి అచ్చు పోసిన మాటే ఆమ్లజని. ఆయనా, ఆయన మిత్రులూ 1787లో కొత్త పేర్ల పద్ధతి తెచ్చినప్పుడు బొగ్గు ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చే వాయువునే కార్బోనిక్ ఆమ్లం అన్నారు. ఇంగ్లీషువాళ్లు కార్బోనిక్ ఆసిడ్ గ్యాస్ అన్నారు, మనవాళ్లు బొగ్గుపులుసు వాయువు అన్నారు. అంటే మీ ముద్దుల మాట కూడా ఆ పొరపాటు ఇంట్లో పుట్టిందే. పొడిగా ఉన్నంతసేపు ఆ వాయువు పులుపు కాదు, పొడి లిట్మస్ కాగితాన్ని ఏమీ చేయదు. నీళ్లు తగలాలి.

ఇక ఆమ్లజని తప్పని రుజువు చేయడానికి ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త డేవీ 1810 దాకా కష్టపడ్డాడు. ఉప్పు నుంచి తీసే ఆమ్లంలో ఉన్నవి ఉదజని, క్లోరిన్, అంతే. ఆక్సిజన్ ఊసే లేదు. ఆ ఆమ్లమే మన జీర్ణాశయంలో ఊరేది. మీ అమ్మాయికి ఆ మాట చెప్పండి, లావోసియేను కాదనే సాక్ష్యాన్ని తన కడుపులోనే మోస్తోందని. నిజానికి పేర్లు తారుమారయ్యాయి. పులుపు పుట్టించేది ఉదజని కదా, ఆమ్లజని అన్న బిరుదు దానికి రావాల్సింది.

కన్నడ మీడియంలో చదువుకున్న తెలుగు తమ్ముడు:
అక్కా, మా కన్నడ పుస్తకాల్లో ఆక్సిజన్ ఆమ్లజనక, హైడ్రోజన్ జలజనక, కార్బన్ ఇంగాల. అదే తప్పు అక్కడా ఉంది, మాస్టారు కంగారు పడక్కర్లేదు. కానీ మీ పులుసు మాట చదివి నాకు వెలిగింది. కన్నడంలో హుళి అంటే పులుపు, హుళి అంటే సాంబారులాంటి పులుసు కూడా. పాలు హాలైనట్టు, పువ్వు హూవైనట్టు పాత పకారం హకారమైంది. మన పులుసూ వాళ్ల హుళీ అక్కచెల్లెళ్లు. జంతువు పులి అక్కడ హులి అయింది గానీ అందులో ళకారం లేదు, అది వేరే మాట. మన పులిహోరలోనూ పులి లేదు, పులుపే ఉంది.

యెలహంక నుంచి ఒకరు:
మరి క్షారానికి మన మాట? కారం అనొచ్చా? అదీ క్షారం నుంచి వచ్చిందేగా.

నా జవాబు:
కారం వద్దండీ. పుట్టుక అదే కావచ్చు గానీ ఇప్పుడు ఆ మాటను మిరపకాయ పూర్తిగా ఆక్రమించేసింది. సున్నాన్ని కారం అంటే పిల్లలు నాలిక మీద వేసుకుని చూస్తారు.

మాస్టారూ, ఒప్పుకున్నాను. ఆమ్లజని తప్పుగా పుట్టి తప్పుగానే మిగిలింది. బొగ్గుపులుసు తప్పుగా పుట్టినా, నెత్తురు నీళ్లమయం కాబట్టి ఒంట్లోకి వచ్చేసరికి నిజమైపోయింది. పాఠ్యపుస్తకంలోకి తెమ్మని నేను అనడం లేదు. పరీక్ష ఇంగ్లీషులోనే రాసుకోమంటాను. కానీ అర్థం చేయించేటప్పుడు ఈ మాట చేతికి అందేంత దూరంలో ఉండాలని నా పట్టు. పిల్ల తన నోట్సులో ఆ వాక్యం పక్కన పెన్సిలుతో "పులుసు" అని రాసుకుంది. ఇప్పుడు అంకె పెరుగుతుందా తగ్గుతుందా అని అడిగితే ఆలోచించి చెబుతోంది, అప్పజెప్పడం లేదు.

నిన్న ఇంకో ప్రశ్న వేసింది. ఈ చలికి మా దోసెల పిండి రెండు రోజులైనా పొంగలేదు, పులవలేదు. "పొంగించేది బొగ్గుపులుసు వాయువే కదా పిన్నీ, పులుపూ దానిదేనా?" కాదు. పొంగు ఆ వాయువుది, పులుపు మాత్రం సూక్ష్మజీవులు పక్కనే తయారుచేసే లాక్టిక్ ఆమ్లానిది. లాక్టిక్ అంటే పాలకు సంబంధించింది అని లాటిన్ అర్థం. అయితే దాన్ని పాలపులుసు అనాలా అని తాతయ్యకే ఫోన్ చేసి అడిగింది.

"పాలు పులిస్తే వచ్చేదాన్ని మనం ఎప్పట్నుంచో మజ్జిగపులుసు అంటున్నాం గదే" అన్నారు మా నాన్న.