మారియో పాట చేతికి ఎందుకు లొంగడం లేదు?

కొత్త కీబోర్డు:
మా వాడి పుట్టినరోజుకి మారియో పాట వాయిద్దామని కూర్చున్నానండీ. చిన్నప్పుడు క్యాసెట్ గేములో వేలసార్లు విన్నదే కదా, అరగంటలో వచ్చేస్తుందనుకున్నా. రెండు వారాలైంది. మొదటి ఏడు స్వరాలు, గ గ గ స గ ప ప, కరెక్టే. అయినా మారియోలా లేదు. మా ఆవిడ "గుళ్లో భజనలా ఉంది" అంటోంది. చేసినాయన పేరు కోజి కొండో అట (మనవాళ్లేమో అనుకున్నా!). తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

రిథమ్ ప్యాడ్:
పెళ్లి ఆర్కెస్ట్రాలో ప్యాడ్ వాయిస్తాను, అక్కడి నుంచే చెబుతా. మీ తప్పు స్వరాల్లో లేదండీ, ఖాళీల్లో ఉంది. ఎనిమిది లెక్కపెట్టండి. 1, 2 మీద గ. 3 ఖాళీ. 4 మీద మూడో గ. 5 ఖాళీ. 6 మీద స, 7 మీద గ, 8 ఖాళీ. తర్వాతి 1 మీద ప, 5 మీద కింది ప. మొదటి ఎనిమిదిలో 3 మీదో 5 మీదో చెయ్యి పడిందా, భజనే.

కొండో గారు 1961లో నగోయాలో పుట్టారు. ఐదేళ్లకే ఎలక్ట్రిక్ ఆర్గాన్ పట్టారు. ఒసాకాలో ఆర్ట్స్ యూనివర్సిటీ, 1984లో నింటెండో అనే గేముల కంపెనీలో ఉద్యోగం, మరుసటి ఏడే మారియో. మొదట కట్టిన ట్యూను మారియో పరుగుకీ గెంతుకీ కుదరలేదని పక్కనపెట్టి మళ్లీ కట్టారు.

మారియో ఆడిన ఆ గేము మిషన్‌లో ఈ పాటకి దొరికినవి ట్యూనుకి రెండు గొంతులు, బేస్‌కి ఒకటి, 'ఇస్స్' అనే రొద ఒకటి. బేస్‌కి వాల్యూమ్ పెంచడం, తగ్గించడం ఉండదు. డ్రమ్స్ మొత్తం ఆ రొదతోనే లాగించారు, నాకు పాటంతట్లో అదే ఇష్టం. పైగా గేము శబ్దాలూ వీటిలోనే దూరాలి. మారియో గెంతగానే పాటలో ఒక గొంతు కాసేపు ఆగిపోతుంది. క్యాసెట్ పాడైందనుకుని నేను నోటితో ఊదేవాణ్ణి!

నిద్రపట్టని ప్లేయర్:
కొండో గారే పాట కట్టిన ఇంకో నింటెండో గేము, జెల్డా సంగతి కూడా చెప్పాలి. 1986 గేముకి ముందు రావెల్ గారి బొలేరో పెడదామనుకున్నారు (మన జీపు కాదండోయ్, ఫ్రెంచ్ సంగీతం). తీరా చూస్తే కాపీరైట్ ఇంకా తీరలేదు. రాత్రికి రాత్రి కొండో గారు సొంతంగా ఒకటి కట్టేశారు. ఇప్పటికీ జెల్డా అంటే ఆ ట్యూనే. 1998లో వచ్చిన జెల్డా 'ఒకరినా' గేములో అయితే ఐదు బటన్లతో మనమే పిల్లనగ్రోవి లాంటిది ఊదాలి. ఐదు స్వరాలు, ఔడవ రాగమన్నమాట.

రిథమ్ ప్యాడ్:
ఔడవం కాదు. ఐదింట్లో ఒకటి మరోదానికి పై స్థాయి, అంటే స్వరాలు నాలుగే. నాలుగింటితో అన్ని పాటలు కట్టారు చూడండి. ఇంకోటి, 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు భద్రపరచాల్సిన రికార్డింగుల జాబితాలో మారియో పాటని చేర్చారు. వీడియో గేము సంగీతంలో అదే మొదటిది.

కొత్త కీబోర్డు:
3 ఖాళీ వదిలి వాయించా. వంటింట్లోంచి "స్కూలు టైములో గేమేంట్రా" అని వాడికి తిట్లు పడ్డాయి. కింది ప దగ్గర మాత్రం ఇంకా తొందరపడుతున్నా.